విక్రేత లేని ఔషధములు

కాన్సరు వ్యాధికి మనవారు పెట్టుకొనిన పేరు రాచపుండు. ఆ పేరెట్లు వచ్చినను, నేఁడది మఱియొక విధమున సార్థకమైనది. ఈ పుండు కోరునది రాచవైద్యమే. క్రొత్త మందులు ఏఁటేఁట వచ్చుచున్నవి. వాని గుణమును శంకింపఁ బనిలేదు. కాని యొక్కొక్క సూదిమందు వెల విన్ననాఁడు గృహస్థులు రోగము పేరు విన్ననాఁటికంటె నెక్కువగఁ గలఁతపడుచున్నారు. పొలమమ్మి రోగిని దక్కించుకొనినవా రున్నారు. అమ్మియు దక్కించుకొనలేని వారున్నారు. దక్కిన రోగి బ్రదుకుటకు గుంటెడు నేలయైన మిగులని యిండ్లును గలవు.

కాన్సరు పరిశోధన యనఁగనే క్రొత్త మందును గూర్చిన వార్తయని తలఁచుట మన కలవాటైనది. ఇచట మేము ముచ్చటింపఁదలఁచినది వేఱొక జాతి పరిశోధన. ఉన్న మందు ఎంత చాలును? ఎన్ని నెలలు చాలును? వెలలేని యే పనివలన రోగి బ్రదుకు పొడిగింపఁబడును? ఈ ప్రశ్నలకు సమాధానము దొరికినచో లాభము రోగిదే గాని యమ్మువానిది కాదు. అందుచేతనే వీని నడుగువారు తక్కువ. అడిగినవారిలో మన దేశపు వైద్యులు ముందు వరుస నుండుట మనకు సంతోషకరము.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులగు విజయ్ పాటీల్, కుమార్ ప్రభాష్ మొదలగువారు 2023లో నచ్చొత్తించిన పరిశోధన మొదట చెప్పఁదగినది. నోరు, నాలుక, గొంతు మొదలగు స్థానములఁ బుట్టిన కాన్సరు ముదిరి, ఇఁక కుదుర్చుట సాధ్యము కాదని తేలిన 151 మంది రోగులను వారు చీట్లు వేసినట్లు రెండు తరగతులుగఁ బంచిరి. మొదటి తరగతివారికి మెథోట్రెక్సేటు, సెలెకాక్సిబు, ఎర్లోటినిబు అను మూఁడు మ్రింగుడు మందు లిచ్చిరి. రెండవ తరగతివారికి నా మూఁటితోఁబాటు నివోలుమాబు అను సూదిమందును మూఁడు వారముల కొకతూరి 20 మిల్లీగ్రాముల చొప్పున నిచ్చిరి. సంవత్సరము గడచునప్పటికి మొదటి తరగతిలో నూటికి 16.3 వంతునను, రెండవ తరగతిలో నూటికి 43.4 వంతునను జీవించి యుండిరి. తీవ్రమైన యుపద్రవములు రెండవ తరగతిలో హెచ్చలేదు.

ఈ నివోలుమాబునకు లోకమున వాడుకలోనున్న మోతాదు రెండు వారముల కొకతూరి 240 మిల్లీగ్రాములు. ఆఱు వారములకు లెక్కకట్టినచో నది 720 మిల్లీగ్రాములగును. ముంబయి వైద్యు లదే కాలమున నిచ్చినది 40. అనఁగాఁ బదునెనిమిదవ వంతు. మన దేశమున నిట్టి రోగులలో నిండు మోతాదు కొనఁగలిగినవారు నూటికి ఒకరు మొదలు మువ్వురు మాత్రమేయని యా పరిశోధకులే వ్రాసిరి. తక్కిన 97 మందికి నీ మందు కథలో వినుటకేగాని కంటఁ జూచుటకుఁ గూడ లేదు.

ఈ రోగు లెట్టివారో మన జిల్లాలవారికిఁ బ్రత్యేకముగఁ జెప్ప నక్కఱలేదు. ఖైనీ, గుట్కా నమలువారును, చుట్ట విడువలేనివారును వీరిలో ననేకులు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపుఁ బల్లెలలో స్త్రీలు చుట్టను నిప్పున్న కొన నోటిలోనికిఁ ద్రిప్పి కాల్చు నలవాటు తరతరములనుండి యున్నది. దానిని అడ్డపొగ యందురు. ఆ నిప్పువేఁడి సోఁకి యంగిటిపైఁ గాన్సరు పుట్టుచున్నదని 1957లోనే మన కోస్తా వైద్యులు పత్రికాముఖమునఁ బ్రకటించి యున్నారు. కూలికిఁ బోయి కుటుంబమును బోషించువారికే తఱచుగ వచ్చు రోగ మిది. వీరికి నెలకు లక్షల రూపాయల మందును వ్రాసియిచ్చుట, వైద్యము చేసితిమని వైద్యుఁడు తన మనస్సును సమాధానపఱచుకొనుటయే యగును.

పైఁ జెప్పిన మూఁడు మ్రింగుడు మందులలో మొదటిదగు మెథోట్రెక్సేటు పుట్టువున నొక తెలుఁగువాని చేయి యున్నదని యీ సందర్భమున స్మరింపవలసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండఁగా, నచటి రసాయనికులు ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు ద్రవ్యములను నిర్మించిరి. వానిలో నొకటియగు అమినోప్టెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుఁడు రక్తపుఁ గాన్సరు సోఁకిన 16 మంది బిడ్డల కిచ్చి, పదిమందిలో గుణము కనఁబడినదని 1948 జూనులోఁ బ్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను అంతవఱ కట్టి బిడ్డలకు మందే లేదు. సుబ్బారావుగా రాయేఁటి ఆగస్టులోనే గతించిరి. అదే కుదురునుండి వెడలిన మెథోట్రెక్సేటు నేఁడు ఏ కంపెనీకిని సొంతపు సొత్తు గాదు. కావుననే చౌకయైనది. కావుననే దానితో నేమి చేయవచ్చునో పరీక్షించి చూడవలెనన్న తొందర వ్యాపారులలో నెవ్వరికిని లేదు.

ఇంత స్వల్పమైన మోతాదు పని చేయునెడల, మొదట నంత పెద్ద మోతాదు నేల నిర్ణయించిరన్న ప్రశ్న సహజముగఁ బుట్టును. దీనికిఁ గారణము పాత యలవాటు. తొలినాఁటి కాన్సరు మందులు విషములు. అవి చెడ్డ కణమును మంచి కణమును గూడఁ గాల్చును. ఎంత యెక్కువ యిచ్చిన నంత యెక్కువ కాలును. కాఁబట్టి రోగి యోర్వఁగలిగిన హద్దువఱకు మోతాదును బెంచి, ఆ హద్దునకుఁ గొంచెము దిగువ నిలుపుట పద్ధతియయ్యెను. విషముల విషయమున నది న్యాయమే. కాని నివోలుమాబు విషము గాదు. అది కాన్సరును స్వయముగఁ జంపదు. మన రక్తములోని రక్షకకణములపైఁ బీడీ-1 అను నొక గొళ్లెమువంటిది కలదు. కాన్సరు ఆ గొళ్లెమును బిగించి రక్షకులను బనిచేయకుండఁ గట్టివేయును. నివోలుమాబు గొళ్లెమునకు అడ్డుపడి దానిని బిగియనీయదు. ఉన్న గొళ్లెములకుఁ జాలినంత మందు చేరిన పిదప మిగిలినదానికిఁ బని యుండదు. కుండ నిండిన తరువాతఁ బోసిన నీరు నేలపాలేగదా! కిలో బరువునకు 0.1 మిల్లీగ్రాము మొదలు 10 మిల్లీగ్రాముల వఱకు మార్చి యిచ్చిన తొలి పరీక్షలలోనే గొళ్లెములఁ బట్టిన మందు పాలు ఇంచుమించుగ నొక్కరీతినే యుండెను. అఱువది కిలోల మనుష్యునకు 20 మిల్లీగ్రాములన్నచోఁ గిలోకు మూఁడవవంతు మిల్లీగ్రామగును. ఇది యా మేరలలోనే యున్నది. ఈ సంగతి మందు చేసినవారికిఁ దెలియనిది గాదు. అయినను తక్కువ యమ్ముటకై యెవ్వరు పరిశోధన చేయింతురు? వారిని నిందించుట మా యుద్దేశము గాదు. వర్తకుఁడు వర్తకమే చేయును. ఆ పని ప్రజలది, ప్రభుత్వములది యని మాత్రమే మేము చెప్పుచున్నాము. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడ 2021లో 'ప్రాజెక్ట్ ఆప్టిమస్' అను పేరిట కాన్సరు మందుల మోతాదులను నిర్ణయించు పద్ధతినే సంస్కరింపఁబూనుట గమనింపఁదగినది.

మోతాదు కథ లింకను గలవు. ప్రోస్టేటు గ్రంథి కాన్సరునకు వాడు అబిరాటెరోను అను మాత్రను 1000 మిల్లీగ్రాములు పరగడుపున మ్రింగవలెనని నియమము. అన్నముతోఁ దినినచో నా మందు శరీరమునఁ బలు రెట్లు హెచ్చుగ నింకును. పరగడుపున మ్రింగినపుడు అధికభాగము వంటఁబట్టకయే పోవును. వెలగల మందును మలముపాలు చేయుటకు నియమమేర్పఱచితిమన్నమాట! 2018లోఁ బ్రకటితమైన యొక పరీక్షలో 72 మంది రోగులను దీసికొని, కొందఱకు 1000 మిల్లీగ్రాములు పరగడుపునను, కొందఱకు 250 మిల్లీగ్రాములు క్రొవ్వు తక్కువగల ఫలహారముతోను ఇచ్చిరి. రోగము హెచ్చుతగ్గులను దెలుపు రక్తపరీక్షలో నాలవవంతు మోతాదు నిండు మోతాదునకుఁ దీసిపోలేదు. ఇది చిన్న పరీక్ష. ఆయుర్దాయమును గొలిచినది గాదు. అయినను మందు కొనలేక చికిత్సనే మానివేయు రోగికి నిది కొట్టివేయఁదగిన మాట గాదు.

ఇంకొకటి బ్రిటనులో జరిగినది. ఒక జాతి రొమ్ము కాన్సరునకు ట్రాస్టుజుమాబు అను సూదిమందును పండ్రెండు నెల లిచ్చుట పరిపాటి. ఆఱు నెలలు చాలవా యని ప్రజాధనముతోఁ బరీక్షింపఁబూని, 4,089 మంది స్త్రీలను జేర్చుకొనిరి. 2019లో ఫలితము వెలువడినది. నాలుగేండ్లకు రోగము తిరుగఁబెట్టక యున్నవారు ఆఱు నెలల తరగతిలో నూటికి 89.4, పండ్రెండు నెలల తరగతిలో 89.8. గుండెకుఁ జెఱుపు కలిగి మందు ముందుగ నిలుపవలసి వచ్చినవారు మొదటి తరగతిలో నూటికి ముగ్గురు, రెండవదానిలో నెనమండ్రు. సగము ఖర్చు, సగమునకంటెఁ దక్కువ గుండె ముప్పు. ఇట్టి ప్రశ్న వేసి పరీక్షించుటకుఁ బన్నులతో నడచు సంస్థ కావలసివచ్చెను.

ఇచట నొక యాక్షేపణ రాఁగలదు. ధనికునకు నిండు మోతాదు, బీదవానికిఁ బదునెనిమిదవ వంతా? ఇది బీదల వైద్యము, రెండవ తరగతి వైద్యము గాదా? ఈ యాక్షేపణ తేలికగఁ ద్రోసివేయఁదగినది గాదు. ముంబయి పరీక్షలోఁ దక్కువ మోతాదును నిండు మోతాదుతోఁ బోల్చలేదు. వట్టి మ్రింగుడు మందులతోఁ బోల్చిరి. కావునఁ దక్కువ మోతాదు బొత్తిగ లేకుండుటకంటె మేలని తేలినది గాని, నిండు మోతాదునకు సమానమని తేలలేదు. పరీక్ష జరిగినది యొక్క ఆసుపత్రిలోనే. రోగులు జీవించిన కాలపు మధ్యలెక్క 6.7 నెలలనుండి 10.1 నెలలకుఁ బెరిగెను. అది రోగము కుదురుట గాదు. ఈ మితులను దాఁచి, పదునెనిమిదవ వంతు చాలునని చాటువాఁడు రోగికి మిత్రుఁడు గాఁడు. కాని తాను నిండు మోతాదు నీయలేక, తక్కువ మోతాదు నీయనొల్లక, రోగిని వట్టిచేతులతో నింటికిఁ బంపువాఁడు మాత్రము మిత్రుఁడా? ఈ పద్ధతి బీదలకు మాత్రమే యుద్దేశింపఁబడినదనుటయు సరి గాదు. ధనసంపన్నమగు నెదర్లాండ్సు దేశమున నిదే వర్గమునకుఁ జెందిన పెంబ్రోలిజుమాబును దక్కువ మోతాదున నిచ్చి, నిండు మోతాదుతోఁ బోల్చు పరీక్షను జేయఁబూనిరి. వారి ఖజానాకు సైత మీ భారము మోయరానిదైనది.

మోతాదును విడిచి, మందే యని తోఁపని మందు మాటకు వత్తము. రొమ్ము కాన్సరునకు శస్త్రచికిత్స చేయుటకు 7 నుండి 10 నిమిషముల ముందు గడ్డచుట్టు లిడోకెయిను సూది వేయుట వలనఁ గలుగు ఫలమును టాటా మెమోరియల్ వారు డాక్టరు రాజేంద్ర బడ్వేగారి నాయకత్వమునఁ బరీక్షించిరి. లిడోకెయిను మన కెఱుకలేనిది గాదు. పండ్ల వైద్యుఁడు పన్ను పెఱుకుటకు ముందు చిగుళ్ల కిచ్చు తిమ్మిరిమందది. శస్త్రము తగిలినపుడు గడ్డచుట్టునున్న కణములు చెదరి రక్తమునఁ బడి పాఱిపోవునేమో, వానిని ముందుగ మ్రాన్పడఁజేసినచో ఫల ముండునేమో యన్నది వారి యూహ. 2011 మొదలు 2022 వఱకు మన దేశములోని 11 ఆసుపత్రులలో నీ పని జరిగినది. లెక్కకు వచ్చిన స్త్రీలు 1,583 మంది. అయిదేండ్లకు జీవించియున్నవారు సూది పొందిన తరగతిలో నూటికి 90.1, పొందని తరగతిలో 86.4. రోగము తిరుగఁబెట్టనివారు 86.6, 82.6. నూటికి నలుగురు స్త్రీలన్నమాట! ప్రతి శస్త్రచికిత్సాగృహమున నుండు చౌకసీసాతో నిది సాధ్యమైనది. ఇతర దేశములవారు దీనిని మఱల పరీక్షించి స్థిరపఱుపవలెననుట సత్యమే. అయితే కొన్ని లక్షల వెలగల మందు నూటికి నలుగురిని గాపాడినచో లోకమంతట నెంత డప్పు మ్రోఁగి యుండునో పాఠకు లూహింపఁగలరు. టాటా ఆసుపత్రి 1941లో నొక ధర్మసంస్థ దానముతోఁ దెఱవఁబడి, 1962నుండి కేంద్రప్రభుత్వపు అణుశక్తి శాఖ క్రింద ప్రజాధనముతో నడచుచున్నది. విక్రేత లేని మందును శోధించుటకు నట్టి యింటిలోనే యవకాశము దొరకుట వింత గాదు.

రోగమునుండి బయటపడినవారి బ్రదుకును గూర్చి మన మింకను దక్కువగ నాలోచించుచున్నాము. ఆసుపత్రి వదలిననాఁడే కథ ముగిసినదని బంధువులు తలంతురు. రొమ్ము తీసిన స్త్రీకి చంకలోని గ్రంథులు పోవుటచేఁ జేయి వాచి బిందె యెత్తనీయదు. నోటికి కిరణచికిత్స పొందినవానికి ఉమ్మినీరు ఎండును, దవడ బిగియును. కారము సోఁకిన ముద్ద నోటఁ బెట్టలేఁడు, నలుగురి పంక్తిని గూర్చుండలేఁడు. వీనికిఁ దోడు మఱల వచ్చునేమోనన్న భయము రాత్రులు నిద్రపోనీయదు. ఇంటివారు ప్రేమచేఁ జేయు పని యేమి? కదలవద్దు, పడుకొమ్మందురు. ఆవలి వాకిలికిఁ బోయినను గోడలి చేతికఱ్ఱ కావలెను.

2025లోఁ బ్రకటితమైన యొక పరిశోధన యీ ప్రేమను దిద్దవలసిన దానినిగాఁ జూపుచున్నది. పెద్దప్రేవు కాన్సరునకు శస్త్రచికిత్సయు, పిదప మందులును బొందిన 889 మందిని రెండు తరగతులు చేసి, ఒక తరగతివారికి ఆరోగ్యసూత్రముల పుస్తకము మాత్ర మిచ్చిరి. రెండవవారికి మూఁడేండ్లు వ్యాయామశిక్షకుని దోడిచ్చి, నడక మొదలగు శ్రమను గ్రమముగఁ జేయించిరి. అయిదేండ్లకు రోగము లేక యున్నవారు వ్యాయామపు తరగతిలో నూటికి 80.3, పుస్తకపు తరగతిలో 73.9. ఎనిమిదేండ్లకు జీవించియున్నవారు 90.3, 83.2. కొన్ని పేరుపొందిన మందులు కూడ నింత మేలు చేయలేదు. వ్యాయామము చేసినవారిలోఁ గీళ్లు, కండరముల నొప్పులు కొంత హెచ్చైనను, నడక వలన బ్రదుకు పొడిగినదనుటలో సందేహము లేదు. అయితే 'నడువుఁడు' అని చెప్పి పంపుటచే నిది కాలేదు. పుస్తకపు తరగతివారికిఁ జెప్పినదియు నదేకదా. పిలిచి, కనుఁగొని, మానినచో మఱల పిలిచి నడిపించు మనుష్యుఁ డుండుటచేతనే యైనది. 55 ఆసుపత్రులలో 2009 మొదలు 2024 వఱకు రోగులను జేర్చుకొనుచునే యుండవలసి వచ్చెను. చందాలతో నడచు కెనడా కాన్సరు సంఘమువారు దీనికి బాసటయైరి. నడకను అమ్ముకొనువాఁ డుండిన నింత కాలము పట్టియుండునా?

మన గ్రామములలో నాశాకార్యకర్తలు బాలింతలను, పసిబిడ్డలను వెదకి పోవుచున్నారు. చికిత్స ముగించి యూరికి వచ్చిన కాన్సరు రోగి పేరు వారి పుస్తకమున నెక్కించి, వారమున కొకతూరి పలుకరించి, చెఱువుగట్టువఱకు నడిపింపుమనుట ఖజానాకు మోయరాని బరువు గాదు. వారికి దానికిఁ దగిన ప్రతిఫల మీయవలెను. ఊరక పనిమీఁదఁ బని మోపరాదు.

ఇఁక మందుల వెల మాట. 2012లో నేర్పడిన నేషనల్ కాన్సర్ గ్రిడ్ అను కూటమిలో దేశమునందలి కాన్సరు ఆసుపత్రులు వందలకొలఁది చేరియున్నవి. ఇవి వేఱువేఱుగఁ గొనుటకు మాఱుగ నొక్కటియై 40 మందులకు బేరమాడి, 1,320 కోట్ల రూపాయలు మిగుల్చుకొనినవని 2023లోఁ బ్రకటితమైనది. పట్టియందలి వెలలో నది నూటికి 82 వంతులు! అనఁగా నంతకుముందు రోగి యొక్కఁడు కౌంటరు కిటికీ యొద్ద నిలువఁబడి చెల్లించిన వెల యెట్టిదో తెలియుచున్నది. విశాఖపట్టణమున అగనంపూడియొద్ద టాటావారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రియు, హైదరాబాదున ఎం.ఎన్.జె. సంస్థయు మనకుఁ గలవు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము వేలకొలఁది బీదలను శస్త్రచికిత్స గదివఱకుఁ దెచ్చినది. తక్కువ మోతాదును నిండు మోతాదుతోఁ బోల్చు పరీక్షను దేశమంతట నడపుటకు కేంద్రము ధనమీయవలెను. అది తేలులోపల, నిండు మోతాదు కొనలేని రోగికి, అతఁడు సంగతి యెఱిఁగి యొప్పుకొనినయెడల, ఈ స్వల్ప మోతాదును పథకములక్రింద నిప్పించుటకు రెండు తెలుఁగు రాష్ట్రములును బూనుకొనవలెను. ఇచ్చినవారి లెక్కలు వ్రాసి యుంచవలెను.

చిన్న చిక్కొకటి కలదు. నివోలుమాబు సీసాలలో మిక్కిలి చిన్నది 40 మిల్లీగ్రాములది. రోగికిఁ గావలసినది 20. ఒక్క రోగికై సీసా తెఱచినచో సగము పాఱఁబోయవలెను. ఇద్దఱు రోగు లొక్కనాఁడే వచ్చినచో నొక్క సీసా యిద్దఱికిని సరిపోవును. సోంపేటనుండి వచ్చునామెకును, తునినుండి వచ్చునాతనికిని మూఁడు వారముల కొక మంగళవారమును గుదిర్చి, రైలు వేళలు చూచి, ముందునాఁడు టెలిఫోను చేయు గుమాస్తా యొకఁ డుండవలెను. ఆ గుమాస్తా యుద్యోగ మింకను మన ఆసుపత్రుల పట్టికలలో వ్రాయఁబడవలసియున్నది.